మర్డాక్ అడుగు

కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో బిడ్డ పుడితే ముందు బరువు అడగరు, ఎవరి పోలికో తేలుస్తారు. మర్డాక్ ఆ పని నిమిషంలో ముగించాడు. ఆసుపత్రిలో నర్సు ఎఫీ అతని మనవరాలిని బోర్లా తిప్పి ఒళ్లంతా పరీక్షిస్తుంటే, నడుము కింద వెన్ను మీద చిన్న వెంట్రుకల కుచ్చు కనబడింది.

“చూశావా, మా వంశం ముద్ర. నాకూ ఉంది, చూపించమంటావా?” అంటూ బెల్టు మీద చెయ్యి వేశాడు.

“వద్దులే బాబాయ్, నేనింకా భోంచెయ్యలేదు.”

నవ్వింది గానీ ఎఫీ వేలు ఆ కుచ్చు దగ్గరే ఆగిపోయింది. “లోపల వెన్నుపాము కొస అతుక్కుపోతే కాళ్ల నరాలు దెబ్బతింటాయి. అలాంటప్పుడు ఒక్కోసారి పైన ఇలాంటి గుర్తు పడుతుంది. ఇంటికెళ్లేలోపు స్కాన్ తీయిద్దాం,” అంది.

బాలింత మొరాగ్ భయంగా మామగారి వైపు చూసింది. ఆ ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది.

“స్కానూ వద్దు, గీనూ వద్దు. అరవై ఎనిమిదేళ్లుగా మోస్తున్నా దీన్ని, నాకేమైంది? నా అంత డాన్సరు ఈ చుట్టుపక్కల ఉన్నాడా?”

అది మాత్రం నిజం. ఫిడేలు మోగితే మర్డాక్ ఎడమ పాదం ఒక్క క్షణం ఆలస్యంగా, నేలను ఈడ్చుకుంటూ పడుతుంది. దానికి ‘మర్డాక్ అడుగు’ అని పేరు. కుర్రకారు ఏళ్ల తరబడి సాధన చేసి మరీ నేర్చుకున్నారు. పెళ్లికి ముందు ఎఫీ కూడా ఓ చలికాలమంతా దానికోసం బూట్లు అరగదీసింది. ఇప్పుడది గుర్తొచ్చి ఆమె అతని ఎడమ పాదం వైపు చూసింది.

“బాబాయ్, బూట్లు విప్పి మడమల మీద నిలబడు.”

కుడి పాదం వేళ్లు పైకి లేచాయి. ఎడమవి లేవలేదు. మంచం పట్టుకుని మళ్లీ ప్రయత్నించాడు. ఊహూఁ.

“ఆ పాదానికి చలి తెలుస్తుందా?”

“ఎప్పుడూ తెలీదుగా.” అతని గొంతు తగ్గింది. “అయితే నేను చేసింది డాన్సు కాదా?”

“డాన్సు నీదే బాబాయ్. ఆలస్యం మాత్రం ఆ పాదానిది.”

మర్డాక్ కుర్చీలో కూలబడ్డాడు. “ఊరు ఊరంతా నా అవిటితనాన్ని నేర్చుకుందన్నమాట,” అని కాసేపు నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. “తీసుకెళ్లమ్మా మొరాగ్, తీయించు ఆ స్కాను.”

ఎఫీ అనుమానమే నిజమైంది. త్వరగా పట్టుకున్నారు కనక, హాలిఫాక్స్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తే కాళ్లకు ఇబ్బంది రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

మర్డాక్ మనవరాలిని ఒళ్లోకి తీసుకున్నాడు. “దీనికి డాన్సు నేనే నేర్పుతాను,” అన్నాడు. “నా కుడికాలు మాత్రమే చూడమంటాను.”