సగం నీళ్ల సీసా

నేను ఒక హోమియో మందు సీసాను. నవ్వకండి. బొటనవేలంత ప్లాస్టిక్ సీసానే, కానీ ఈ కాలువలో పోలయ్య పట్టిన కొర్రమీనులన్నీ నా పుణ్యమే. ఆ మాట ఇంతవరకూ ఒక్క మనిషీ నోరారా ఒప్పుకోలేదు.

ఎక్కడ పుట్టానో గుర్తులేదు. వందల మంది తోబుట్టువులతో సంచిలో కుక్కి డాక్టరుగారి బల్ల మీద పడేశారు. ఆయన నాలో తియ్యటి మాత్రలు పోసి, మూత మీద ముప్ఫై అని అంకె వేసి వీరవేణి చేతిలో పెట్టాడు. ఆవిడ మొగుడు పోలయ్యకు వల విసిరి విసిరి కుడి భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా లేవదు. వల విసరలేని జాలరి ఇంటికి బరువేనని కుమిలిపోతూ అన్నం కూడా తల వంచుకునే తినేవాడు. ఆరు నెలలుగా ప్రతి మంగళవారం వీరవేణి రెండూళ్లు దాటి నడిచి, నన్ను నింపించుకొచ్చేది. మాత్రలు అయిపోయేవి. నొప్పి మాత్రం అక్కడే ఉండేది.

ఒకరోజు పోలయ్య ఎడమ చేత్తో గాలం పట్టాడు. కొర్రమీనుకు కదిలే ఎర కావాలి. కోడిపుంజు మెడ ఈకను చిన్న గాలానికి ఎర్రదారంతో కట్టి, పురుగులా తయారుచేశాడు. విసిరితే అది గాలికి తిరిగొచ్చి ఆయన లుంగీకే తగులుకుంది. ఈకకు బరువేదీ? అప్పుడు గుర్తొచ్చాను నేను! ఖాళీ అయిన నాలో నీళ్లు పోసి, మూత బిగించి, మెడకు నైలాన్ దారం కట్టాడు. నిండా పోస్తే మునుగుతాను, పోయకపోతే దూరం పోను. ఆ సగం కొలత దొరికేదాకా నన్ను ఎన్నిసార్లు ముంచాడో లెక్కలేదు.

అంతటితో ఆగాడా? వానపాము ఎర అలవాటు కొద్దీ ఈకను నాకు జానెడు దూరంలో కట్టాడు. నేను టప్పున పడగానే చేపలన్నీ పరారు. పైగా నేను బెండులా మునిగేదాకా గుడ్లప్పగించి కూర్చునేవాడు. ఓరి నాయనా, అది ఈక! చేప నోట పెట్టి వెంటనే ఉమ్మేస్తుంది, లాగుతూ ఉండాలి! సీసా మాట ఎవడు వింటాడు? మూడోనాటికి తనకే తట్టింది. ఈకను బారెడు వెనక్కి కట్టి, నన్ను దూరంగా విసిరి, మెల్లగా లాగాడు. నేను ముందు, ఈక వెనక. ఒక్క గుంజు గుంజింది. కిలోన్నర కొర్రమీను!

పోలయ్య తలెత్తుకుని ఇంటికెళ్లాడు.

"సెప్పానా! డాక్టరు బాబు మందు పట్టింది నీకు," అంది వీరవేణి.

"అవునే, పట్టింది," అన్నాడు ఆ మహానుభావుడు.

నాకు ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది! ఆరు నెలలు ఎండలో నడిచిన మనిషితో మందు పనిచేయలేదని చెప్పలేకపోయాడని తర్వాత అర్థమైంది. అర్థమైతే మాత్రం కోపం పోతుందా?

మంగళవారం వచ్చింది. మందుకు బయల్దేరుతూ వీరవేణి నాకోసం ఇల్లంతా వెతికింది. చివరికి చూరుకు వేలాడుతూ కనిపించాను, మెడకు దారం, దారం చివర ఈక. మూత మీద అంకె చూసింది. ఊపితే నీళ్లు చప్పుడు చేశాయి. అటు పోలయ్య దండెం మీది తువ్వాలును ఎడమ చేత్తో అందుకుంటున్నాడు. వీరవేణి నన్ను మళ్లీ చూరుకే తగిలించి బయల్దేరింది.

సాయంత్రం తిరిగొచ్చి మొగుడి ముందు రెండు కొత్త సీసాలు పెట్టింది. రెండూ ఖాళీవే.

"మాత్రలొద్దు, సీసాలియ్యండి సాలన్నాను. అదొక్కటీ కొట్టుకుపోతే ఏం సేత్తావు?"

పోలయ్య తల వంచుకోలేదు. నవ్వాడు.

చూశారా అన్యాయం! నేను బతికుండగానే ఇద్దరు వారసులు! రానివ్వండి. రేపు వాటిలో నీళ్లు ఎంత పోయాలో తెలియాలంటే, నన్ను పక్కన పెట్టుకునే కొలవాలి.