బయట బెంచీ మీద బీపీ సిస్టర్

ఆ ఉదయం కూడా భర్తకు ఆమే జ్వరం తెప్పించింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఒక చేత్తో మంట తగ్గించి, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఆయన ఆఫీసు మేనేజరుతో "రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోందండీ, లేవలేకపోతున్నారు" అంది. ఒళ్లు చల్లగానే ఉన్న ఆ మనిషి పక్కగదిలోంచి, దుప్పటి ముసుగు తీయకుండానే, "గొంతు కూడా పోయిందని చెప్పు, నన్ను పిలవమంటాడేమో" అని అందించాడు. గొంతు కూడా పోగొట్టింది. ఇన్నేళ్లలో ఆమె ఆయనకు తెప్పించని రోగం లేదు. మెట్ల మీద నుంచి జారవిడిచింది, పన్ను పీకించింది, ఒకసారైతే ఆయన మేనమామను చంపేసింది కూడా. ఆ పెద్దమనిషి ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు.

అబద్ధం చెప్పడం కూడా ఇంటిపనేనని ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంట్లు తోమడంలాగే, చేసినన్నాళ్లు ఎవరి కంటికీ ఆనదు, ఒక్కరోజు మానేస్తే ఇల్లంతా కనిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు "మావాడికి నలుగురిలో నోరు పెగలదమ్మా, నువ్వే చూసుకోవాలి" అంటే ఎంత మురిసిపోయిందో! తననేదో గొప్ప పదవిలో కూర్చోబెట్టారనుకుంది. రాత్రి తూలుతూ వచ్చిన మనిషికి తెల్లారి ఆఫీసుకీ, ఇరుగుపొరుగుకీ సమాధానం చెప్పడమే ఆ పదవి అని తర్వాత అర్థమైంది. అందులో సెలవులుండవు.

బయట ఆమెకున్న అసలు ఉద్యోగం ఆసుపత్రి ఓపీలో నర్సు. డాక్టరు గదికి ముందు ఒక చిన్న గది, ఒక స్టూలు, తలుపుకు కర్టెన్. అందరూ ఆమెను బీపీ సిస్టర్ అంటారు. కడుపునొప్పి అని వచ్చినా, నిద్ర పట్టడం లేదని వచ్చినా, పడి దెబ్బ తగిలించుకుని వచ్చినా, బీపీ చూసి తాగుడు అలవాటుందా, ఎంత తాగుతారు అని అడగాలి. అడిగేది స్టూలు మీది మగవాణ్ని, జవాబు మాత్రం వెనక నిలబడ్డ భార్య నుంచి వచ్చేది. "అబ్బే, ఎప్పుడైనానండీ!" ఆ మాట నమ్మి డాక్టరు మందు రాసేవాడు, వారం తిరక్కుండా మనిషి మళ్లీ అదే నొప్పితో వచ్చేవాడు. అందుకని పెద్ద సిస్టర్ ఎప్పుడో ఒక పద్ధతి పెట్టింది. స్టూలు మీద కూర్చున్నవాడే చెప్పాలి, వెంట వచ్చిన ఆడమనిషి వెళ్లి బయట బెంచీ మీద కూర్చోవాలి. "నొప్పి ఆయన కడుపులో ఉంటే మూలుగు నీ నోట్లో ఎందుకమ్మా?" అనేది ఆవిడ. ఆ మాట బీపీ సిస్టరుకు ఎంతగా నచ్చిందంటే, ఆవిడకంటే దర్జాగా తనే అనడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లే ఆ ఆడవాళ్లలో ఒక్కరిలోనూ ఏనాడూ తన మొహం కనిపించలేదు.

మధ్యాహ్నం రద్దీలో అత్తగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "మా కోడలు ఇక్కడే" అని వరసను దాటించుకుని నేరుగా గదిలోకే తీసుకొచ్చింది. "చేతులు వణికిపోతున్నాయే. టీ కప్పు కూడా పట్టుకోలేకపోయాడు. నీరసం. బలానికి ఏదైనా సూది వేయించు" అంది.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఆయన జబ్బకు పట్టీ చుట్టి గాలి కొడుతోంది. బల్ల దగ్గరున్న పెద్ద సిస్టర్ తలెత్తకుండానే, "తాగుడు అలవాటుందా బాబూ?" అంది.

ఆయన భార్య వైపు చూశాడు. పొద్దున దుప్పటి కిందనుంచి వచ్చిన మాటే ఇప్పుడు ఆ చూపులో ఉంది. అత్తగారూ చూసింది. "చెప్పవే" అంది.

"అబ్బే, ఎప్పుడైనా, స్నేహితులు కలిసినప్పుడు..." తన నోట ఆ రాగం విని ఆమే ఉలిక్కిపడింది. ఎన్నిసార్లు విన్న రాగం అది!

పెద్ద సిస్టర్ కలం కింద పెట్టింది. "ఇప్పుడు నువ్వు ఈ గదిలో సిస్టరువా, ఈయన భార్యవా?"

ఆమె పట్టీలోని గాలి వదిలేసి, దాన్ని ఆయన జబ్బ మీంచి విప్పింది.

"బయట బెంచీ. మీరు కూడా వెళ్లండమ్మా."

"అదేంటండీ, తను ఇక్కడ పనిచేసే పిల్ల!" అంది అత్తగారు.

"అందుకే దారి చూపించక్కర్లేదు."

తెల్ల యూనిఫాంలో బయటికొచ్చి నిలబడితే రోగులంతా ఆమెనే చూశారు. తల కొట్టేసినట్టయింది. బెంచీ మీద ఒకావిడ జరిగి చోటిచ్చింది. "కూర్చోండి సిస్టర్. పోయినసారి మీరే కదా నన్ను బయటికి గెంటింది? మిమ్మల్ని తిట్టని తిట్టు లేదనుకోండి. ఆ తర్వాత గోడకు ఆనుకున్నానో లేదో, కునుకు పట్టేసింది. మా ఆయన వచ్చి లేపాల్సి వచ్చింది. నిద్రపోయి ఎన్నాళ్లయిందో! మీరు చల్లగా ఉండాలి" అని చేయి పట్టుకుంది.

తనకు చెందని కృతజ్ఞత తన చేతిలో పడ్డట్టు ఆమె ఆ చేతిని చూసుకుంది. ఆ దీవెన పెద్ద సిస్టరుది.

ఆ పక్కన అత్తగారు గొణుగుతూనే ఉంది. "పరువు తీసేసింది. వాడికేం తెలుసు, లోపల ఏం వాగుతాడో ఏమో." అంతలోనే కొంగు వేలికి చుట్టుకుంటూ, మెల్లగా అంది: "మీ మామగారి బదులూ నేనే చెప్పేదాన్ని. ఆయన పోయేదాకా."

అత్తగారి వైపు అలా ఎప్పుడూ చూడలేదు ఆమె. పెళ్లినాడు ఈవిడ తనకిచ్చింది పదవి కాదు, అన్నాళ్లూ ఈవిడే మోసిన బరువు. పెద్ద సిస్టర్ మీద రావలసిన కోపం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. కన్నవాళ్లు, కట్టుకున్నవాడు, అత్తమామలు, అందరూ నువ్వే చూసుకోవాలి అన్నవాళ్లే. ఇది నీ పని కాదు, వెళ్లి కూర్చో అన్నది ఆవిడొక్కతే. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

కర్టెన్ కదిలింది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, మొహం పాలిపోయి. "ఏం చెప్పానో అడగవా?"

"అడిగింది మిమ్మల్ని కదా."

"రోజూ అని చెప్పాను. పొద్దున కూడా అని చెప్పాను." అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వచ్చేవారం మళ్లీ రమ్మన్నారు. ఒక్కణ్నే."

ఆమె తలూపి, కన్నీళ్లతోనే లేచి, లోపలికి వెళ్లి తన పని అందుకుంది. పెద్ద సిస్టర్ తర్వాతి రోగిని పిలవమంది, అంతే.

తెల్లవారి ఫోను మోగింది. మేనేజరే. దుప్పటి కిందనుంచి చేయి బయటికొచ్చి ఫోనును ఆమె వైపు తోసింది. "ఇవాళ్టికి చెప్పు. ఈ ఒక్కసారికి."

ఆమె ఫోనందుకుని, "ఒక్క నిమిషమండీ, ఆయనే మాట్లాడతారు" అని, దాన్ని ఆయన చేతిలోనే పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. అత్తగారు అప్పటికే కంగారుగా లేచి అటు వెళ్లబోతోంది. ఆమె రెండు పీటలు వేసి, అత్తగారి చేయి పట్టుకుని ఆపింది.

"కూర్చోండి అత్తయ్యా."

ఆవిడ కూర్చుంది. "ఏం చెప్తాడే?" అంది గుసగుసగా.

గదిలో ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"నాకు తెలీదు అత్తయ్యా" అంది ఆమె. ఆ మాటలో ఇసుమంతైనా అబద్ధం లేదు.