శోభనకు లేని జబ్బు

"ఎవరన్నా అడిగితే ఒంటికి పడదనే చెప్పు. దానిమీద ఇంకో మాట వద్దు," అన్నాడు ధనశేఖర్, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

శోభన రెండు చేతులూ గిన్నెలో ఉన్నాయి. నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు వేళ్ళకు మిగిలి, పప్పు టపీమని గిన్నెలోకి దూకుతుంది. పితికి తీస్తారు కాబట్టి పితికిపప్పు. మూకండపల్లిలో ఇంటి ముందు గదిలోనే ధాన్యం, పప్పులు అమ్మే మనిషి ఆమె. దేన్నయినా తూచి చూడటం అలవాటు. మూటెడు కాయలు ఒలిస్తే బుట్టెడు గింజలు, బుట్టెడు గింజలు పితికితే గిన్నెడు పప్పు. తినేవాళ్ళకు పావుగంట పని. చేసేవాళ్ళకు నిన్న మధ్యాహ్నం మొదలుపెడితే ఈరోజు పదింటికి గానీ తెమలదు. ఇంత ఓర్పు పెట్టుబడిగా పెట్టే వ్యాపారం ఇంకొకటి ఉంటే దాన్ని మగవాళ్ళు ఎప్పుడో తమ పేరున రాయించుకుని ఉండేవాళ్ళు అనుకుంది.

ఆరోజు ఆదివారం. కల్లావి పక్క ఊరి నుంచి అత్త అంజనమ్మ, బావ లక్ష్మణప్ప భోజనానికి వస్తున్నారు.

"అమ్మ పెరుగు తెస్తా ఉండాది," ధనశేఖర్ మళ్ళీ అందుకున్నాడు. "నిన్న ఫోన్లో మూడుసార్లు చెప్పింది, ఎందుకో. ఒక్క ముద్ద తిను. ఒక్క ముద్దకు ఏం కొంప మునగతాది?"

"తినను."

"అయితే ఒంటికి పడదని చెప్పు. నేను చెప్పిందీ అదే కదా."

ఎంతో న్యాయంగా మాట్లాడిన మనిషిలా దువ్వెన జేబులో పెట్టుకుని బయటికి పోయాడు.

రెండేళ్ళ కిందట అంజనమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, పాలు పిండటానికి శోభన అంగడి మూసి నెలరోజులు అత్త ఊరికి పోయింది. ఆ నెలలోనే ఒక జెర్సీ ఆవు ఈనింది. అయిదో రోజు దూడ చచ్చిపోయింది. ఆవు చేపటం మానేసింది, పొదుగులోకి పాలు దిగలేదు. లక్ష్మణప్ప దూడ తోలు తీయించి, ఎండబెట్టించి, లోపల గడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి తెచ్చి దాని ముందు నిలబెట్టాడు. పశువులున్న ఇళ్ళల్లో ఇది కొత్త పని కాదు. ఆవు ఆ బొమ్మను వాసన చూసింది. నాకింది. నాకుతూ నాకుతూ చేపింది. కింద చెంబు పట్టుకుని కూర్చున్నది శోభన. తూకంలో మోసం ఎన్ని రకాలుగా చేయవచ్చో ఆమెకు తెలుసు, ఎదుటివాళ్ళు చేస్తే చేత్తో బరువు చూసే కనిపెట్టగలదు. కానీ ఇంత నమ్మకంగా మోసపోయేవాళ్ళను ఆమె ఎప్పుడూ చూడలేదు. చెంబు నిండుతూ ఉంటే, ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న కూతురు రేణు పుట్టిన నాలుగో నెలలో తాను ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక కంపెనీకి పనికి పోయిన రోజులు గుర్తుకొచ్చాయి. పదకొండు గంటలకల్లా జాకెట్టు తడిసిపోయేది. "ఏమ్మా, బిడ్డను చూసుకోవాలంటే ఇంట్లోనే ఉండాల్సింది. మిషను నీ కోసం ఆగతాదా?" అనేవాడు సూపర్‌వైజరు, లైనంతా వినేటట్టు. బాత్రూములోకి పోయి పాలు తొట్టిలోకి పిండేసి, కొళాయి తిప్పి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మిషను ముందు నిలబడేది. ఆ పాలు ఎవరికి చేరాల్సినవో, ఎటు పోయాయో ఆ కంపెనీలో ఎవరికీ పట్టలేదు.

మాంసం, గుడ్లు ఆమె అంతకుముందే మానేసింది. ఊరి నుంచి వచ్చాక పాలు, పెరుగు, నెయ్యి కూడా నోట పెట్టలేదు.

కారణం చెబితే ధనశేఖర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "పసులను నమ్ముకుని బతికిన ఇంటి కోడలు పాలు మానేసిందంటే ఊర్లో నా మొహం యాడ పెట్టుకునేది? నవ్వతారు మే!" మర్నాటి నుంచి అడిగిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్పాడు: శోభనకు పాలు పడవు, డాక్టరు వద్దన్నాడు.

మొదట్లో ఆ అబద్ధం శోభనకూ లాభంగానే తోచింది. ప్రశ్నలు ఆగిపోయాయి. పెళ్ళిళ్ళలో పాయసం గిన్నె ఆమెను దాటి పోయేది. వాదించే శ్రమ తప్పింది. కానీ చవగ్గా దొరికిన సరుకును విప్పి చూడాలని అంగడి మనిషికి తెలియదా? విప్పి చూసేసరికి లోపల తాను లేదు, ఒక రోగిష్టి ఉంది. చుట్టాలు "పాపం" అనేవాళ్ళు. ఒకామె తాయెత్తు తెచ్చింది. ఇంకొకామె కషాయం పట్టించింది. అన్నిటికన్నా ఎక్కువ తగిలింది, ఆమె వండిందానికి పడిన పేరు. పత్యం కూడు.

ఆమె వంటలో దేనికి పత్యం? పల్లీలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పచ్చిమిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టడం తనకు తానుగా నేర్చుకుంది. మొదటిసారి విరిగింది, రెండోసారి బురదలా అయింది, నాలుగోసారికి చెంచా దింపితే గాటు నిలిచే పెరుగు అయింది. ఉలవకట్టులో చింతపండు ఎప్పుడు పడాలో, నువ్వులు ఎంత వేగితే చేదెక్కకుండా కమ్మదనం దిగుతుందో, కొబ్బరిపాలు పోశాక పొయ్యి ఎంత తగ్గించాలో ఆమె చేతికి తెలుసు. తన అంగట్లో మూటలో చెయ్యి పెట్టి ఏ పప్పు ఎంతసేపట్లో ఉడుకుతుందో చెప్పగలదు. నెలకొక ఆదివారం వీధిలో కంపెనీలకు పోయే ఆడవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చుకుని ఆమె ఇంటి ముందు చేరేవాళ్ళు. ఎవరు ఏం తెచ్చినా అందరి చూపూ శోభన గిన్నె మీదే. పక్కింటి కాళమ్మ అయితే వేళ్ళు నాకుతూ, "ఇది పత్యమైతే ఆ జబ్బేదో నాకూ రానీ తల్లీ, మా ఆయన చేత సేవ చేయించుకుంటా," అనేది. అందరితో పాటు శోభనా నవ్వేది. నవ్వి లోపలికి పోయి, గిన్నెలు సర్దుతూ, నేను బాగున్నాను అని తనకు తానే చెప్పుకునేది.

పన్నెండు గంటలకు అత్త, బావ వచ్చారు. అంజనమ్మ చేతిలో పెరుగు క్యాను. చెప్పులు విడవకముందే కోడలి గడ్డం పట్టి మొహం వెలుగువైపు తిప్పింది. కింది రెప్ప వేలితో లాగి చూసింది.

"ఒళ్ళు ఎట్ల ఉండాదమ్మా?"

"బాగుండాను అత్తా. కాపీ పెట్టనా?"

"వద్దు వద్దు, పొద్దున్నే తాగినా."

రెండేళ్ళుగా ఇదే జవాబు. అత్తకు తన చేతి కాఫీ రుచించడం లేదని శోభన ఎప్పుడో అనుకుని వదిలేసింది. వచ్చినవాళ్ళ కోసం ఇంట్లో పాల ప్యాకెట్టు ఉంటూనే ఉంది.

ఆకులు వేసింది. రాగిముద్ద, పితికిపప్పు పులుసు, నువ్వుల పొడి పట్టించిన వంకాయ, మామిడికాయ చిత్రాన్నం, కొబ్బరిపాలు బెల్లంతో పాయసం. కాళమ్మ కూడా వచ్చి అంజనమ్మ పక్కన కూర్చుంది. కాసేపు అందరి చేతులూ ఆకుల మీదే తిరిగాయి. వండినవాళ్ళకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. లక్ష్మణప్ప రెండో ముద్ద పులుసులో అద్ది మింగి తలెత్తాడు.

"ఇంకో గరిటె వెయ్యమ్మా శోభనమ్మా. రోగంతో ఉండి ఇంత చాకిరీ ఎట్ల చేస్తావో!"

ఆ మాటలో జాలి తప్ప చెడు లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"ఏం చేసేదన్నా," అన్నాడు ధనశేఖర్, మూడోసారి పులుసు పోయించుకుంటూ. "ఆమెకు పత్యం. దాంతో మాకందరికీ పత్యం." తనే నవ్వాడు.

అంజనమ్మ నవ్వలేదు. చెయ్యి తుడుచుకుని పెరుగు క్యాను ముందుకు లాక్కుంది.

"ఒక మాట చెప్పాల, వినండి. వీడు ఫోన్ చేసి 'అమ్మా, శోభనకు పాలు పడలేదు, డాక్టరుకు చూపిస్తా ఉండా' అన్న దినమే గంగమ్మకు మొక్కుకున్నా. నా కోడలికి నయమై పెరుగన్నం తినేదాకా నేనూ పాలచుక్క ముట్టనని. మజ్జిగ లేదు, కాపీ లేదు. పాలు పిండతాను, జనాలకు పోస్తాను, నేను తాగను. మొన్నటికి రెండేండ్లు నిండినాయి. ఇంకా నయం కాకుండా ఉంటాదా? రామ్మా, ఈడ కూర్చో. నా చేత్తో కలిపి ఒక్క ముద్ద పెడతా."

లక్ష్మణప్ప చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "ఇదా సంగతి! నాకు గూడా చెప్పలేదే అమ్మా," అన్నాడు.

పొద్దున్నే కాఫీ గ్లాసు పడకపోతే ఆవు దగ్గరికి కూడా పోని మనిషి అంజనమ్మ. శోభన భర్తవైపు చూసింది. ధనశేఖర్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు. తినెయ్, అంతే, అయిపోతుంది.

తూచి చూసింది. ఒకవైపు ఒక్క ముద్ద. దానితో ముసలామెకు కాఫీ వస్తుంది, భర్త పరువు నిలుస్తుంది, అందరూ సంతోషంగా బస్సెక్కుతారు. ఇంత తక్కువకు ఇంత వచ్చే బేరాన్ని ఏ వ్యాపారీ వదలడు. ఇంకోవైపు ఏముంది? చూపించడానికి ఏమీ లేదు. తానొక్కతే ఉంది. కానీ ఆ ముద్ద తింటే తనకు జబ్బు ఉండేదని తానే సంతకం పెట్టినట్టు. మరి ఈ ముసలామె? ఆవు ముందు గడ్డి బొమ్మను నిలబెట్టినట్టు, ఈమె ముందు ఒక జబ్బును నిలబెట్టారు. నమ్మింది, రెండేళ్ళు తన నోరు కట్టుకుంది. నిలబెట్టింది ధనశేఖరే. పక్కన చెంబు పట్టుకుని కూర్చున్నది మాత్రం తను.

"అత్తా, నాకు ఏ జబ్బూ లేదు," అంది శోభన.

"నయమైంది అంటావా?"

"ఎప్పుడూ రాలేదు. ఏ డాక్టరూ చెప్పలేదు. నీ చెయ్యి విరిగినప్పుడు వచ్చినాను కదా, ఆ ఆవు గడ్డిదూడను నాకతా ఉంటే చూసినాను. నా వల్ల కాలేదు. నేనే మానుకున్నాను. ఒంటికి పడక కాదు, మనసుకు పడక."

"అమ్మా, అదీ... నువ్వు నొచ్చుకుంటావేమో అని..." ధనశేఖర్ అందుకోబోయాడు.

"నువ్వుండ్రా."

అంజనమ్మ క్యాను మూత వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, ఎవరితోనూ అన్నట్టు కాకుండా అంది: "యాభై ఏండ్లుగా ఆ బొమ్మలు కట్టించింది నేనే. ఆవు నాకేటప్పుడు పక్కకు తిరిగి గోడను చూసేదాన్ని. నువ్వు తిరగలేదన్నమాట."

ఆ వెంటనే గొంతు లేచింది. "రెండేండ్లు కాపీ లేకుండా చేసినావు గదరా నన్ను! తలనొప్పితో పొర్లినానురా! పెండ్లాం పాలు మానుకుంటే చెప్పేదానికి నీకు సిగ్గైందా? రోగిష్టిది అని చెప్పేదానికి కాలేదా?"

కాళమ్మ పైట అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్నదో లేదో తెలియలేదు.

"నువ్వు గూడా నోరు మూసుకోనే ఉన్నావు," అంది అంజనమ్మ కోడలితో.

"ఉన్నానత్తా. నీ మొక్కు సంగతి తెలియదు. తెలియకపోయినా, నోరు మూసుకుంది తప్పే."

"తప్పే." ఆమె క్యాను మూత తీసింది. తన ఆకులో అన్నం మీద పెరుగు వేసుకుని, ఉప్పు చల్లి, మెత్తగా కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండేళ్ళ ఆకలి ఆమె మొహంలో కదిలింది. "లేని జబ్బుకు మొక్కుకున్నా. గంగమ్మ నామీద కోపం చేసుకోదులే. నేను తింటాను. నువ్వు తినొద్దు."

లక్ష్మణప్ప ఆకులో మిగిలిన వంకాయ ముక్కను అటూ ఇటూ తిప్పాడు. ఆయనకు ఇంకా ఏదో తేలలేదు. "అయితే పత్యం కాకపోతే, దీన్ని ఏమంటారమ్మా?"

"నా వంట అంటారు బావా."

ఆ మాట చెప్పేటప్పుడు శోభనకు తన గొంతు అంగట్లో వినిపించే గొంతులా వినిపించింది, సరుకు మంచిదని తెలిసి, ధర తగ్గించనని చెప్పే గొంతు.

"శేఖరా, లెయ్," అంది అంజనమ్మ. "ఈమె యాడో మూల కూర్చోని తినేది తప్ప, మనతో తినంగా నేను చూసిందే లేదు. ఆకు వేసి పెట్టు."

శోభన కాదనలేదు. అత్త పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ధనశేఖర్ లేచి చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ముందు ఆకు పరిచాడు. ముద్ద పెట్టి, పులుసు గిన్నెలో గరిటె ముంచి, ఎత్తి, అలాగే నిలబడిపోయాడు. తల్లి ఎంత తింటుందో అతనికి తెలుసు, అన్నకు ఎంత కావాలో తెలుసు. తనకెంత కావాలో అంతా ఇరవై ఏళ్ళుగా నోరు తెరవకుండానే ఆకులోకి వచ్చేది. శోభన ఎంత తింటుందో మాత్రం తెలియదు.

"ఎంత పెట్టాల?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆమెను ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. శోభన తొందరపడలేదు. గరిటెను చూసింది, గిన్నెలో తాను పితికిన పప్పును చూసింది.

"నిండా పెట్టు," అంది. "చాలు అనేది నేను చెప్తాను."