భూమి తిన్న డ్రాయరు

మా అమ్మాయి డారియా సస్కటూన్ పట్నానికి వ్యవసాయ డిగ్రీ చదవడానికి వెళ్లిన రోజు నుంచి నాకు రకరకాల భయాలు. ట్రాక్టరు కింద పడుతుందేమో, ఎద్దు పొడుస్తుందేమో అనుకున్నాను గాని, అది కన్నతండ్రి డ్రాయర్లు పాతిపెట్టే చదువని మాత్రం అనుకోలేదు.

ఆఖరి ఏడాది మే నెలలో ఇంటికొచ్చి, మా ఆయన ఓరెస్ట్ కోసం కొని దాచిన తెల్లటి నూలు డ్రాయర్లు రెండు అడిగి తీసుకుంది. ఒకటి ఆయన ఏటా దున్నే గోధుమ చేలో, రెండోది తను మూడేళ్లుగా దున్నకుండా బఠాణీ పండిస్తున్న పొలం చెక్కలో పాతి, పక్కన జెండాలు గుచ్చింది. రెండు నెలలయ్యాక అందరి ముందూ తవ్వాలట. నేలల ఆఫీసు నుంచి పెల్టియే మేడమ్ వస్తుందట. ఆవిడ మెచ్చితే ఉద్యోగం ఖాయమట. ఎందుకు పాతుతున్నదో కూడా చెప్పింది గాని, అప్పుడు నేను పొయ్యి మీద ఉడుకుతున్న పెరోగీ కుడుములు విచ్చిపోతాయేమోనన్న బెంగలో ఉన్నాను.

తవ్వకం రేపనగా నాకిక మనసు నిలవలేదు. తండ్రీ కూతుళ్లు బజారుకు వెళ్లగానే పార పట్టుకుని బయల్దేరాను. ఓరెస్ట్ చేలోది నిక్షేపంగా ఉంది, ఉతికితే వేసుకోవచ్చు. దాన్ని మళ్లీ పూడ్చేశాను. డారియా చెక్కలో మాత్రం నడుము దగ్గరి ఎలాస్టిక్ తప్ప ఏమీ మిగల్లేదు. బట్టనే తినేసిన నేల గింజను బతకనిస్తుందా? ఉద్యోగం పోయినట్టే. బీరువాలోంచి ఇంకో కొత్తది తెచ్చి, మట్టి పులిమి అక్కడ పాతేశాను. ఎలాస్టిక్ పారేస్తే కుక్క నోట కరుచుకుని తెస్తుందని ఏప్రన్ జేబులో దాచుకున్నాను.

మర్నాడు పెల్టియే మేడమ్ వచ్చాక, ముందు ఓరెస్ట్ చేలోది తీశారు.

"నీ డ్రాయరంటే నీ నేలకే అసహ్యంరా ఓరెస్ట్," అన్నాడు పక్క పొలం వాల్టర్.

"అదే మరి, వాల్టర్ మామయ్యా. పురుగూ పుట్రా బతికున్న నేలైతే నూలుగుడ్డని తినేయాలి. ఇది తినలేదంటే నీరసపడ్డ నేలన్నమాట," అంది డారియా హుషారుగా.

నేను మార్చిన సంగతి చెప్పేలోపే అది తన చెక్క తవ్వేసింది. పైకొచ్చిన డ్రాయరుకు షాపువాళ్ల చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"నీ నేల చీటీ కూడా పీకలేదే అమ్మాయ్," అన్నాడు వాల్టర్.

పిల్ల మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఏప్రన్ జేబులోంచి ఎలాస్టిక్ తీసి దాని చేతిలో పెట్టాను.

"నేనే మార్చానమ్మా. నీ నేల పాడైందనుకున్నాను."

"కేకు ఉడికిందో లేదోనని పదిసార్లు ఓవెన్ తలుపు తీసే మనిషి, మేడమ్," అన్నాడు ఓరెస్ట్.

గుంటలో ఏం కనబడిందని పెల్టియే మేడమ్ నన్ను అడిగింది. చిటికెన వేలంత వానపాములున్నాయనీ, మట్టి దుంపలు దాచే గదిలా చల్లగా వాసనేసిందనీ చెప్పాను. అంతా రాసుకుంది. కానీ మధ్యలో తవ్వినది లెక్కలోకి రాదు, మళ్లీ పాతమంది. చీటీ పీకి, ఆ కొత్తదాన్నే అక్కడ పాతారు. ఆవుల కోసం కొన్న కరెంటు తీగను డారియా ఆ చెక్క చుట్టూ నా ఒక్కదాని కోసం కట్టింది.

సెప్టెంబరులో తవ్వితే ఎలాస్టిక్ ఒక్కటే వచ్చింది. ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు డారియా ఊరూరా తిరిగి, రైతుల డ్రాయర్లు అడిగి పాతిపెట్టాలట. ఎవరైనా వాడినది ఇస్తే? అందుకే కారు డిక్కీలో కొత్తవి డజను పెట్టి పంపాను. చీటీలు ముందే పీకేశాను.