మాస్టరక్క తప్పు చెయ్యదు

ఆ కుట్టుషాపులో గుడ్డ కోసే ఆవిడని అందరూ మాస్టరక్క అంటారు. ఆవిడ కత్తెర పడితే ఇక తిరుగులేదని వాళ్ళ నమ్మకం. నమ్మితే నమ్మారు, మనిషిని తీసుకెళ్ళి అటక మీద కూర్చోబెట్టి నిచ్చెన లాగేస్తే ఎలా? ఆవిడ టీ తాగడానికి వస్తే చాలు, అప్పటిదాకా సాగిన కబుర్లు టక్కున ఆగిపోతాయి. ఒక్కరంటే ఒక్కరు ఇంటికి పిలవరు. "అమ్మో, మనిల్లంతా చిందరవందర, అక్క చూస్తే ఇంకేమన్నా ఉందా!" అనుకుంటారు. ఆవిడ గదిలో మూలన ఉతకని బట్టల గుట్ట ఉందనీ, రాత్రిళ్ళు కంచం కడగడానికి బద్ధకించి గిన్నెలోనే తినేస్తుందనీ చెబితే నమ్మేవాళ్ళేరీ?

కొంతకాలంగా ఆవిడకి చూపు మసకబారుతోంది. టేపు మీది అంకెలు అలుక్కుపోతున్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే భయం. ఆపరేషనంటే కళ్ళకి కట్టు కడతారట, మంచినీళ్ళు అందించే దిక్కు లేకుండా ఎలా? ఎవరికైనా చెప్పుకోవాలి, తోడు రమ్మనాలి. అంతకుమించి ఆవిడకి ఏ కోరికా లేదు.

ఆ రోజు ఒక పెద్దమనిషి కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. కోటు ఎడమ చెయ్యి మణికట్టు దాకా రానే లేదు. షాపు ఓనరు ఏమాత్రం ఆలోచించకుండా మిషను దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కుట్టే ఆమె ఇద్దరు పిల్లల తల్లి, నోరు మూతపడదని అందరూ పిచ్చుక అంటారు.

"అంచు సరిచేస్తానంటూ ఎంత కోసిపారేశావే? రేపట్నించి నువ్వు రావద్దు!"

పిచ్చుక మొహంలో నెత్తురుచుక్క లేదు. "కోసేసుంటానండీ... గుర్తు లేదండీ," అంది. చూశారా! చెయ్యని తప్పు చేశానని ఒప్పుకుంటోందే గానీ, మాస్టరక్క పొరబడిందేమో అన్న అనుమానం ఆ బుర్రలోకి రానే లేదు.

మాస్టరక్కకి సిగ్గేసింది. నిజం చెప్పాలంటే, ఆ సిగ్గు వెనకాలే కాస్త సంతోషం కూడా వేసింది. హమ్మయ్య, ఇక దాచక్కర్లేదు.

"తప్పు నాదండీ. నాకు కళ్ళు సరిగ్గా కనబడ్డం లేదు. కొలత తప్పు చూసి కోసింది నేనే."

ఓనరు రెండు చేతులూ జోడించాడు. "ఇక చాలక్కా! దాని ఉద్యోగం నిలబెట్టడానికి మీ కళ్ళే పోయాయంటున్నారు. ఏం మనసండీ మీది!" పిచ్చుక వైపు తిరిగి, "అక్క మొహం చూసి వదిలేస్తున్నా, పో," అన్నాడు.

"మనసు కాదండీ, కళ్ళు!" అని అరిచింది మాస్టరక్క. అందరూ ముచ్చటపడి నవ్వారు.

మళ్ళీ అదే గుడ్డ తెప్పించి ఆవిడ బల్ల మీదే పెట్టించాడు ఓనరు. మీరు కోస్తేనే నాకు ధైర్యం అన్నాడు కూడా.

సాయంత్రం షాపు మెట్ల మీద పిచ్చుక ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. పక్కన ఎవరూ లేరు. మాస్టరక్క గొంతు తగ్గించింది.

"ఏమే, రేపు నాతో కళ్ళ డాక్టరు దగ్గరికి వస్తావా? ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉందే."

పిచ్చుక పకపకా నవ్వింది. "ఓనరు వెళ్ళిపోయాడక్కా, ఇంకా ఎందుకా అబద్ధం? మీకు భయమేంటి, ఎవరైనా వింటే నవ్విపోతారు! ఇవాళ మా పిల్లలకి మీ గురించే చెబుతా."

"అబద్ధం కాదే, ఒట్టు..."

"ఊరుకోండక్కా మీరు మరీనూ! బస్సొచ్చేస్తోంది," అంటూ పరిగెత్తింది.

మాస్టరక్కకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. వీధి చివర ఎవరో ఆగి చెయ్యి ఊపుతున్నట్టు అనిపించింది. పిచ్చుకో, ఇంకెవరో. ఆవిడ కూడా ఊపింది.