ఐదో పేజీలో ఇల్లాలు

శనివారం మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని ప్రూఫుల ముందు కూర్చున్నాను. మా ఆయన సభాపతి ‘లోచూపు’ అని ఎనిమిది పేజీల తమిళ ఆధ్యాత్మిక మాసపత్రిక నడుపుతారు. పన్నెండేళ్ళుగా దాని తప్పులు దిద్దేది నేనే. ఆ సంగతి పత్రికలో ఎక్కడా ఉండదు. “తమిళ టీచరువి కదా, నీకిదెంతసేపు” అన్నారు మొదటి నెల. తర్వాత ఆ మాటా లేదు, కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు. సాయంత్రం ఐదింటికి ప్రెస్సు మనిషి వచ్చి పట్టుకెళ్తాడు.

ఎర్ర పెన్ను పట్టుకుంటే నాకు అర్థం కనపడదు, అక్షరాలే కనపడతాయి. నాలుగు పేజీలయ్యాయి. ఐదో పేజీలో ఆయన వ్యాసం, ‘ఒక ఇల్లాలి కన్నీళ్ళు’. ఒక ఇల్లాలట. రసంలో ఉప్పు తక్కువైందని భర్త అన్నాడట, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందట. భర్త విసుక్కోకుండా “ఈ బాధ ఎవరికి కలిగిందో చూడు” అన్నాడట. దానికి ఆవిడ ఇంకా ఏడ్చిందట. అహంకారం ఎంత చిన్నచోట దాక్కుంటుందో చూశారా, గరిటెడు రసంలో, అని ముగింపు. మూడుచోట్ల అక్షరాలు జారిపోయాయి, ఒకచోట వాక్యం తెగలేదు. దిద్దాను. ‘కన్నీళ్ళు’ అన్న మాటలోనే ఒకచోట తప్పు పడితే అదీ దిద్దాను. ఆరో పేజీలో రెండు వరుసలు చదివాక చెయ్యి ఆగిపోయింది. ఐదో పేజీలో ఆ ఇల్లాలు నేనే.

ముందు నవ్వొచ్చింది. నా ఏడుపుకి నేనే కూర్చుని అచ్చుతప్పులు దిద్దుకున్నాను, అదీ శ్రద్ధగా. తర్వాత చెవులు వేడెక్కాయి. ఈ పత్రిక మూడొందల ఇళ్ళకి వెళ్తుంది. ప్రతి ఆదివారం సత్సంగానికి మా హాల్లో చాపలేసుకుని కూర్చునే పాతికమంది దీన్ని పైకి చదువుకుంటారు. వాళ్ళలో ఒక్కరికైనా ఆ ఇల్లాలెవరో తెలియకుండా ఉంటుందా? వాళ్ళు చదువుతుంటే నేను వంటింట్లోంచి వడల పళ్ళెంతో రావాలి.

అసలు జరిగింది అది కానే కాదు. రసంలో ఉప్పుకి ఏడ్చే వయసు దాటి ఎన్నేళ్ళయిందో. మంగళవారం మా బడికి తనిఖీకి ఒకావిడ వచ్చింది, నా కూతురి వయసుంటుంది. ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పావుగంట విని లేచింది. “మీ గొంతులో ప్రాణం లేదు టీచర్. పిల్లలు నిద్రపోతున్నారు చూడండి. ఓపిక లేకపోతే ముందే రిటైరైపోవచ్చు కదా” అంది, నలభైమంది ఆడపిల్లల ముందు. కొందరు నవ్వారు. నవ్వకుండా తలలు దించుకున్న పిల్లలని చూసి నాకు మరీ చిన్నతనమైంది.

రెండు బస్సులు మారి ఇంటికొచ్చి, ఆయనకి కాఫీ కలిపిచ్చి, పక్కన నించుని చెప్పాను. ఏం చెయ్యమని కాదు, ‘అయ్యో’ అంటారని. ఆయన రెండు గుక్కలు తాగి కళ్ళు మూసుకున్నారు. “ఈ బాధ ఎవరికి, తిలకా?” అన్నారు. నాకే అన్నాను. “ఆ ‘నాకు’ అంటోంది చూడు, అదెవరో వెతుకు” అన్నారు. అప్పుడొచ్చింది ఏడుపు.

మా తిరువణ్ణామలైలో ఆ ప్రశ్నకి కొదవలేదు. కొండ చుట్టూ నడిచేవాళ్ళు, చెట్ల కింద కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు, అందరూ ‘నేనెవరు’ అని ఆ ప్రశ్నే వేసుకుంటారు. గొప్ప ప్రశ్నే, నేను కాదనను. పెళ్ళై వచ్చిన కొత్తలో నేనూ ఒకరోజు కూర్చున్నాను, మా అత్తగారు పాలు పొంగిపోతున్నాయని కేకేసేదాకా. కాకపోతే వాళ్ళంతా తమని తాము ప్రశ్నించుకుంటారు, మా ఆయన నన్ను అడుగుతారు. అత్తగారు నేనేసిన ముగ్గు వంకరని వీధిలో వాళ్ళంతా చూస్తుండగా నీళ్ళుకొట్టి కడిగేసినప్పుడు నన్నే అడిగారు. జీతం తెస్తోందని పొగరు అని బావగారు అన్నప్పుడూ నన్నే. మాట అన్నవాళ్ళని ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అడగలేదు.

సరే, ఇవాళ ఎవరూ లేరు, పాలు కూడా పొయ్యి మీద లేవు. పెన్ను పక్కన పెట్టి, నన్ను నేనే అడిగాను. ఎవరికే తిలకవతీ బాధ? అహంకారానికా? ఉంది కొంత, దాచుకోవడం దేనికి. ఒకప్పుడు నేను పద్యం రాగం తీసి చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కిటికీ దగ్గరకొచ్చి నించునేవాళ్ళు. కానీ పోయిన నెల ఒక పిల్ల లేచి, టీచర్ బోర్డు మీద తప్పు రాశారు అంటే చెరిపి దిద్ది, శభాష్ అన్నాను, అది గుచ్చుకోలేదే. మరి ఇదెందుకు గుచ్చుకుంది? ఆవిడన్నది నిజం కాబట్టి. ఇది ఒప్పుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నా గొంతులో ప్రాణం లేదు. భోజనాలయ్యాక మొదలయ్యే ఆ ఎనిమిదో తరగతి పీరియడుకి వచ్చేసరికి నేను నిద్రలేచి తొమ్మిది గంటలు గడిచి ఉంటాయి. ముగ్గు, రెండు పూటల వంట, ఆయన టిఫిను, బస్సులు. అత్తగారు మంచాన ఉన్న నాలుగేళ్ళు ఆవిడ పక్కగుడ్డలు. శనివారం ఈ ప్రూఫులు, ఆదివారం పాతికమందికి పొంగలి, వడలు, కాఫీ. ఇంత మోశాక రాగం ఎక్కడినుంచి వస్తుంది? నోరులేని మనిషి అని ఈ ఇంట్లో పేరు తెచ్చుకున్నాను, ఆ పేరుకి మురిసిపోయాను కూడా. తప్పు నాదీ ఉంది. నా మీద నాకే జాలేసింది, పరాయి మనిషిని చూసినట్టు. దానికంటే ఎక్కువ మండింది మాత్రం ఆ రసానికి. ఇరవయ్యారేళ్ళ నా ఉద్యోగాన్ని తీసేసి రసం పెట్టారాయన. ఆడదాని కన్నీళ్ళు వంటింట్లో తప్ప ఇంకెక్కడా పుట్టవని ఆయన నమ్మకం కాబోలు.

మళ్ళీ ఐదో పేజీ తీశాను. ‘రసంలో ఉప్పు’ కొట్టేసి, తనిఖీకి వచ్చినావిడ అన్న మాట ఉన్నదున్నట్టు పక్కన రాశాను. ‘ఒక ఇల్లాలు’ కొట్టేసి ‘తిలకవతి, తమిళ ఉపాధ్యాయిని’ అని రాశాను. చివరి వాక్యం మొత్తం కొట్టేసి, గుండ్రంగా, ప్రెస్సువాళ్ళకి అర్థమయ్యేలా రాశాను: ‘ఆమె అలసిపోయి ఉంది. అడిగినవాడు కాఫీ తాగుతున్నాడు.’

నాలుగున్నరకి ఆయన వచ్చి కాగితాలు తిరగేశారు. ఐదో పేజీ దగ్గర ఆగారు. మెడ ఎర్రబడింది.

“ఏంటిది? నలుగురిలో నా పరువు తియ్యాలనా? నేనేదో ఉదాహరణకి రాశాను. నీ పేరు ఎక్కడైనా పెట్టానా?”

“పెట్టలేదు. అదే దిద్దాను.”

గొంతు పెంచారు. పన్నెండేళ్ళ సాధన అన్నారు, కృతజ్ఞత అన్నారు, పెద్దవాళ్ళు ఏమనుకుంటారన్నారు. కొట్టేసిన తన వాక్యాన్ని వెలుతురుకి పట్టి చూసుకున్నారు. ఈ బాధ ఎవరికండీ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆ పూట గెలిచేదాన్ని. అడగలేదు. దెబ్బ తగిలినవాళ్ళకి అది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఐదో పేజీ మొత్తం తీసేస్తానన్నారు చివరికి, నన్ను శిక్షిస్తున్నట్టు.

“తీసేయండి. నా ఏడుపు ఇంకెప్పుడైనా మీ పత్రికలో వస్తే, నా పేరుతో, జరిగింది జరిగినట్టు రావాలి. లేకపోతే రాకూడదు. వచ్చే నెల నుంచి ప్రూఫులు ఇంకెవరికైనా ఇవ్వండి.”

ఆయన ఐదో పేజీని విడిగా తీసి పక్కన పెట్టారు. ప్రెస్సు మనిషి వచ్చాడు, ఐదో పేజీ లేకుండా తీసుకెళ్ళాడు. ఆయన తలుపు వేసొచ్చి, ఏమీ జరగనట్టు, “రేపటి వడలకి పప్పు నానబోశావా?” అన్నారు.

“బాధ ఎవరికో వెతకమన్నారుగా. వెతికాను, దొరికింది. చాలా అలసిపోయి ఉంది పాపం. ఆవిణ్ణి పడుకోబెడుతున్నాను, లేపకండి” అని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.