ఊరంతటికీ ఒకటే పేరు

పెద్దాయన కాలేజీ కట్టించి దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఊరు మురిసిపోయి తన పాత పేరు తీసేసి ఆయన పేరు తగిలించుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. తన పేరున్న పిల్లలకి సీటు ఖాయమని ఆయన వీలునామాలో రాసి మరీ పోయాడు. ఇంకేముంది, ఆడా మగా తేడా లేకుండా పుట్టిన ప్రతి బిడ్డకీ అదే పేరు. అదేమిటో ఇక్కడ చెప్పకపోవడమే మంచిది, చెబితే ఊరంతా పలుకుతుంది.

ఆ కాలేజీ లైబ్రేరియన్ ఈ ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. మామగారిది, మరిదిది, ఆడపడుచుది ఒకటే పేరు. మొగుణ్ణి ఎలాగూ "ఏవండీ" అంటుంది కనుక కాపురానికి లోటు రాలేదు. చిక్కంతా లైబ్రరీలోనే. పుస్తకం ఏదని నిలదీస్తే పిల్లలు, "నేను కాదు మేడమ్, ఇంకో నేను" అనేవారు.

అందుకే కూతురు పుట్టగానే, అత్తగారు నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా, వేరే పేరు పెట్టింది. "పిలిస్తే నా బిడ్డ ఒక్కతే తిరిగి చూడాలి" అంది.

ఉద్యోగి కూతురని పిల్లకి కాలేజీలో సీటు దొరికింది. వారం తిరక్కుండా ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారు. ప్రిన్సిపాల్ ఈ పిల్లని సస్పెండ్ చేశాడు.

"ఆ రోజు మా అమ్మాయి కాలేజీకే రాలేదు సార్!" అంది లైబ్రేరియన్.

"నాకు తెలీదా అమ్మా? కానీ నోటీసు బోర్డులో పెద్దాయన పేరు రాస్తే ఎవరికి తగులుతుంది చెప్పండి? నాదీ ఆ పేరే. ఇన్నేళ్లకి శిక్షించడానికి ఒక మనిషి దొరికింది" అన్నాడాయన, ఎంతో ఆప్యాయంగా.

ఆ తర్వాత కుళాయి విరిగినా, లెక్చరర్ కుర్చీకి జిగురు అంటినా ఆ పిల్ల నెత్తినే పడింది. తిరిగిరాని లైబ్రరీ పుస్తకాలు కూడా. చివరికి, పేరైనా మార్చండి, టీసీ అయినా తీసుకోండి అన్నారు.

లైబ్రేరియన్ ఇల్లు పీకి పందిరేసింది. "ఆ పేరు పెట్టుకుంటే ఇక నువ్వెవరివే?" అని కూతురి మీద విరుచుకుపడింది.

"చదువుకునేదాన్నమ్మా. నాకది చాలు" అంది పిల్ల. "కావాలంటే అద్దం కూడా పగలగొట్టుకోవచ్చు" అంది.

తల్లి ఏడుస్తూనే పేరు మార్పు కాగితాల మీద సంతకం పెట్టింది.

మర్నాడు సాయంత్రం కాలేజీ వదిలారు. గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత మంది, అందరివీ ఒకే రంగు బట్టలు. మబ్బు పట్టింది. కూతురు గొడుగు మరిచిపోయి వెళ్లిపోతోంది. మెట్ల మీద నిలబడ్డ లైబ్రేరియన్‌కి పాత పేరు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మొదటిసారి కూతుర్ని పెద్దాయన పేరుతో గట్టిగా పిలిచింది.

గేటు గేటంతా వెనక్కి తిరిగింది. వాచ్‌మన్ తిరిగాడు, దారిన పోయే సైకిలాయన తిరిగాడు, పై కిటికీలోంచి ప్రిన్సిపాల్ కూడా తల బయటపెట్టాడు. ఒక్క పిల్ల మాత్రం తనని కానట్టు నడిచిపోతూనే ఉంది. ఆ వీపు ఎవరిదో తల్లికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమెకి పట్టరాని సంతోషం వేసింది. ఆ వెంటనే, రేపో ఎల్లుండో తన పిల్ల కూడా అలవాటు పడి తిరిగి చూస్తుందని తోచింది.

చినుకులు మొదలయ్యాయి. ఆమె రెండోసారి పిలవలేదు. గొడుగు పట్టుకుని, ఆ వీపు వెనక పరిగెత్తింది.